మేము నాటని వెల్లుల్లి

ముందు పోయినవి చెబుతాను. నేలలో నాటిన వెల్లుల్లి రెబ్బలు పందొమ్మిది వందల ఎనభై. నాటకుండా విడిగా దాచినవి నూట ఇరవై. మొత్తం రెండు వేల నూరు. ఆ చలికాలం దాటేసరికి వీటిలో ఒక్కటి కూడా మిగల్లేదు. పైన పరిచిన గోధుమ గడ్డి, పొలం కౌలు, మా ఇద్దరి శనివారాలు కూడా పోయాయి కానీ వాటిని లెక్కలో వేయడం లేదు. అవి మళ్ళీ తెచ్చుకోవచ్చు. ఆ వెల్లుల్లిని తెచ్చుకోలేం. ఎందుకో కింద రాస్తాను.

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఇది రాస్తున్న రోజుకీ లేదు. చీరాల దగ్గర మా చర్చిలో మా నాన్న సంఘ పెద్ద. ఇంట్లో ఎవరైనా దయ్యం మాట ఎత్తితే "అన్నం తిని ప్రార్థన చేసుకుని పడుకోండి" అనేవాడు. అంతకు మించి ఆ విషయం మీద మా ఇంట్లో చర్చ జరగలేదు.

నేను పదో తరగతితో చదువు ఆపేశాను. లెక్కలు మాత్రం ఆపలేదు. నూలు కొట్టులో పని చేసినప్పుడు చిలపలు, అంటే నూలు కట్టలు, చూసి బరువు చెప్పేవాణ్ణి. ఇప్పుడు సస్కటూన్‌లో పప్పు ధాన్యాలు శుభ్రం చేసే ప్లాంటులో పని చేస్తున్నాను. కుప్ప చూసి ఎన్ని బస్తాలు అవుతుందో చెబితే పెద్ద తేడా రాదు. ఇది గొప్ప కోసం రాయడం లేదు. తర్వాత చెప్పబోయే అంకెలు ఎవరు లెక్కపెట్టారో మీకు తెలియాలి కదా.

ఆ ప్లాంటులోనే మనాంగ్ రోసింగ్ పరిచయం. ఆవిడది ఫిలిప్పీన్స్ ఉత్తరాన ఇలోకోస్ నార్టే అనే ప్రావిన్సు. మనాంగ్ అంటే వాళ్ళ భాషలో అక్క. నన్ను 'అడింగ్' అంటుంది, అంటే తమ్ముడు. మేం మాట్లాడుకునేది ఇంగ్లీషులోనే అయినా ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను. ఆవిడ భాషలో నేను నేర్చుకున్నవి అంకెలు మాత్రమే. బస్తాలు లెక్కపెట్టేటప్పుడు ఇద్దరం పోటీగా, నేను తెలుగులో, ఆవిడ ఇలొకానోలో అనుకునేవాళ్ళం. మైసా, దువా, తల్లో, ఉప్పత్. ఈ సంగతి తర్వాత పనికొస్తుంది.

మమ్మల్ని కలిపింది కూరగాయలు. బెండ, కాకర, సొర, మునగాకు - వాళ్ళూ అవే తింటారు. ఊరి బయట ఒక రైతు దగ్గర కొంచెం నేల కౌలుకి తీసుకుని, వేసవిలో గోంగూర నేను, కాకర ఆవిడ వేసేవాళ్ళం. మా ఆవిడ సువర్ణ వచ్చి ఇద్దరి పంటా కోసుకుపోయేది.

మనాంగ్ దగ్గర ఇంకొకటి ఉండేది. వాళ్ళ ఊరి వెల్లుల్లి. చిన్న పాయ, ఊదా రంగు పొర, గోరంత రెబ్బలు. ఒక రెబ్బ చిదిమితే వంటిల్లంతా వాసన. ఎప్పుడో ఎవరో ఇక్కడికి తెచ్చిన విత్తనం అది. ఎలా తెచ్చారో నేను అడగలేదు. వాళ్ళ ఊళ్ళో దాన్ని వేయడం మానేశారట. బయట నుంచి వచ్చే పెద్ద తెల్ల వెల్లుల్లి చవగ్గా దొరుకుతుంటే దీన్ని కొనేవాళ్ళు లేరు. అందరి కంటే చివర మానేసింది వాళ్ళ అన్న, మనోంగ్ సీసో. ఆయనా ఆరోగ్యం బాగాలేక రెండేళ్ళుగా వేయడం లేదని ఆవిడ చెప్పింది. అంటే ఆవిడకి తెలిసినంతలో ఆ విత్తనం మిగిలింది సస్కటూన్‌లో, మా కౌలు నేలలో.

అది ఇక్కడ సుఖంగా లేదు. వసంతంలో నాటితే ఎదగడానికి టైము చాలదు. ఏడాదికేడాది పాయ చిన్నదవుతోంది. నేను తూకం వేసి చూసి, ఇదే వరసలో పోతే మూడు పంటల్లో విత్తనమే మిగలదని చెప్పాను. ఇక్కడి వాళ్ళు వెల్లుల్లిని ఆకులు రాలే కాలంలో నాటి, మీద గడ్డి కప్పి, మంచు కింద వదిలేస్తారు. వాళ్ళ ఊళ్ళోనూ వరి కోతలయ్యాక గడ్డి పరిచే నాటుతారట. అయితే వాళ్ళకి మైనస్ ముప్పై లేదు.

"తెగించేద్దాం అడింగ్," అంది ఆవిడ. "మెల్లగా చావడం కంటే ఇదే నయం."

నూట ఇరవై రెబ్బలు పక్కన పెడితే గాని నేను ఒప్పుకోలేదు. వాటిని మా గరాజులో వలసంచిలో వేలాడదీశాను. రెండు వందల గ్రాములు కూడా తూగలేదు.

నాటే పద్ధతి గురించి కొంచెం చెప్పాలి. నేను ఆరంగుళాలకొక గీత పెట్టిన కర్రతో గుంటలు పొడుస్తూ వెళితే, ఆవిడ వెనక రెబ్బలు పెడుతూ వచ్చింది. వరసకి తొంభై. కానీ వరసల్ని ఆవిడ అంకెలతో లెక్కపెట్టదు. ఊళ్ళ పేర్లతో లెక్కపెడుతుంది. చిన్నప్పుడు వాళ్ళ అమ్మ నేర్పిందట. ప్రావిన్సులో ఇరవై ఒక్క మున్సిపాలిటీలు, రెండు సిటీలు. మున్సిపాలిటీ అంటే మన పట్టణం లాంటిది కాదు, మండలం అనుకోండి. మధ్యలో చర్చి, బజారు, చుట్టూ పల్లెలు, పొలాలు. దక్షిణాన బదోక్ నుంచి మొదలుపెట్టి, రోడ్డు వెంట బస్సులో పోతున్నట్టే, ఒక్కో వరసకి ఒక్కో ఊరు.

బదోక్. కురిమావ్. పావాయ్. బటాక్. నేను పొడుస్తుంటే వెనక నుంచి వినిపిస్తూనే ఉంది. పసుకిన్ వచ్చినప్పుడు అక్కడి ఉప్పు గురించి, గట్టి బిస్కెట్ల గురించి చెప్పింది. బంగీలో సముద్రం ఒడ్డున గాలిమరలు. కరాసి కొండ మీద చిన్న ఊరు, మనుషుల కంటే మేకలు ఎక్కువట. ప్రతి ఊరికీ ఏదో ఒక తిండి, ఏదో ఒక మేనత్త.

"ఏడో వరస, ఎనిమిదో వరస అంటే సరిపోదా మనాంగ్?" అన్నాను.

"ఏడు అంటే నీకు నోరూరుతుందా? డింగ్రాస్ అంటే నాకు కొత్త బియ్యం వాసన వస్తుంది. నువ్వు క్యాలుక్యులేటర్‌వి, నీకు తెలీదులే. పొడువు, పొడువు."

ఒకచోట ఆవిడ ఆగి ఏ పేరూ చెప్పలేదు. ఒక వరస వెడల్పు ఖాళీగా వదిలి, అవతలి నుంచి పెట్టమంది. నేల వృథా అవుతుందని నేను గొణిగాను.

"అది మా ఊరు," అంది. "నాటేటప్పుడు ఎవరి ఊరిని వాళ్ళు లెక్కపెట్టకూడదు. అక్కడున్నవాళ్ళు మనల్ని లెక్కపెట్టుకుంటారు. అమ్మ అలాగే చెప్పేది."

అలా ఇరవై రెండు వరసలు నాటాం. మధ్యలో ఆ ఒక్కటి ఖాళీ. ఏ ఊరో మ్యాపులో చూస్తే తెలిసిపోతుంది, ఆవిడ చెప్పని పేరు ఒకటే కదా. పొలంలో ఆవిడ పలకని పేరు నేనూ రాయను.

ఖాళీ వరస దారిగా పనికొచ్చింది. గడ్డి మోపులు వేసిన చక్రాల బండి దాని మీదే తోశాను. నాలుగు రోజులు మా బూట్లు, బండి చక్రం తొక్కి తొక్కి అది రోడ్డులా గట్టిపడింది. దాని మీద గడ్డి కప్పలేదు. చివరి రోజు సువర్ణ తీసిన ఫోటో నా ఫోనులో ఉంది. అటూ ఇటూ పసుపు గడ్డి, మధ్యలో నున్నటి నల్లటి దారి, దాని మీద నేను, మనాంగ్, ఖాళీ బండి.

ఆ ఏడు మంచు ఆలస్యంగా పడింది. మంచు దుప్పటి పడక ముందే పెద్ద చలి వచ్చింది. గాలికి గడ్డి సగం ఎగిరిపోయింది. నవంబరుకే నేల రాయి. గునపం దిగదు.

జనవరిలో మనోంగ్ సీసో పోయాడు. మనాంగ్‌కి లీవు, టికెట్టు దొరికేలోపు అక్కడ ఖననం అయిపోయింది. ప్లాంటు క్యాంటీన్‌లో ఫోను టేబుల్ మీద నిలబెట్టి వీడియోలో చూసింది. నేను పక్కన కూర్చున్నాను. ఆవిడ ఏడవలేదు. "అన్నని చూడటానికి వెల్లుల్లి తీసుకుని పోదామనుకున్నాను. ఇదిగో, నీది ఇంకా ఉంది అని చూపిద్దామనుకున్నాను," అని మాత్రం అంది.

మార్చిలో గరాజులో సంచి దింపితే రెబ్బలు దూదిలా ఉన్నాయి. నొక్కితే పొర తప్ప లోపల ఏమీ లేదు. ఆ మాట ఆవిడకి అప్పుడే చెప్పలేదు. నేలలో ఉన్నవి బతికితే చాలనుకున్నాను.

మే మొదటి శనివారం సాయంత్రం నేను ముందు వెళ్ళాను. ఆవిడ షిఫ్టు దిగి వస్తానంది. ఎండ ఇంకా బాగా ఉంది. గడ్డి తీసి బదోక్ వరస తవ్వాను. రెబ్బ స్థానంలో గోధుమ రంగు జిగురు. కురిమావ్ అంతే. మట్టి నుంచి తల ఎత్తకుండా ప్రతి వరసలో పది చోట్ల తవ్వాను. ఇరవై రెండు ఊళ్ళూ అంతే. నాటిన చోట పచ్చ అనేది ఎక్కడా లేదు. ఆవిడకి ఏ మొహంతో చెప్పాలా అని లేచి నిలబడి చుట్టూ చూశాను.

దారిలో పచ్చగా ఉంది.

మేం నాటని వరసలో, బండి తోసిన దారిలో, వెల్లుల్లి మొలకలు. బెత్తెడు ఎత్తున్నాయి. చెదురుమదురుగా కాదు, దారం కట్టి పెట్టినట్టు ఒకే గీతలో. నేను ముందు చేసిన పని లెక్కపెట్టడం. నలభై ఒకటి. అవతలి చివర నుంచి మళ్ళీ లెక్కపెట్టాను. నలభై ఒకటి.

తర్వాత టేపు తీశాను. మొదటి మొలక నుంచి చివరి మొలక దాకా తొమ్మిది మీటర్ల ఇరవై సెంటీమీటర్లు. మధ్య ఎడాలు నలభై. అంటే ఒక్కో ఎడం ఇరవై మూడు సెంటీమీటర్లు. నా కర్ర మీద గీతలు పదిహేనుకొకటి. ఇరవై మూడంటే ఒక జాన. ఎవరో చేత్తో కొలిచి పెట్టినట్టుంది.

మనాంగ్ కారు దిగి వచ్చింది. నేను దారి వైపు చెయ్యి చూపించాను. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని ఒక ఆకు చివర గిల్లి నమిలింది.

"ఇది మాదే," అంది. తర్వాత బొటనవేలు, చిటికెనవేలు చాచి రెండు మొలకల మధ్య పెట్టింది. అందలేదు. మళ్ళీ చాచింది, అందలేదు. ఆవిడది చిన్న చెయ్యి.

"ఎన్ని?"

"నలభై ఒకటి."

"సరిగ్గా చూశావా?"

"రెండుసార్లు."

"నువ్వు రెండుసార్లు చూస్తే సరే," అని అక్కడే గడ్డి మోపు మీద కూర్చుని ఊళ్ళో ఉన్న వదినకి, సీసో భార్యకి, ఫోను చేసింది. వాళ్ళ వైపు ఆదివారం పొద్దున. చేతులకి మట్టి ఉందని స్పీకరు పెట్టింది. మొదట కుశలాలు. తర్వాత మనాంగ్ ఏదో అడిగింది. అన్న పోయే ముందు వెల్లుల్లి ఏమైనా నాటాడా అని అడిగినట్టు తర్వాత చెప్పింది. మా మొలకల సంగతి, అంకె సంగతి ఆ ప్రశ్నలో లేవు. వదిన చాలాసేపు మాట్లాడింది. నాకు అర్థం కాని ఆ మాటల మధ్యలో అర్థమయ్యేది ఒకటి వినిపించింది.

ఉప్పత్ అ పులో కెట్ మైసా.

నాలుగు పదులూ ఒకటి. మనాంగ్ తిరిగి నా వైపు చూసే లోపే నాకు తెలిసిపోయింది. ఎవరూ నాకు తర్జుమా చేయలేదు. ఇది రాసి పెట్టుకోండి, ఎందుకంటే నేను ఎక్కువ సార్లు వెనక్కి వెళ్ళి చూసుకునేది ఈ ఒక్క చోటే.

వదిన చెప్పింది ఇది. నవంబరులో మనోంగ్ సీసో లేచి తిరగగలిగిన ఆఖరి వారంలో, వంటింటి పొయ్యి మీద వేలాడుతున్న పాత కట్టలోంచి పనికొచ్చే రెబ్బలు ఏరాడు. నలభై ఒకటి దొరికాయి. ఇంటి పక్క మడిలో తన చేత్తోనే కొలిచి నాటాడు. చెల్లెలికి చెప్పొద్దన్నాడు, మొలిచాక ఫోటో పంపుదామన్నాడు. వెల్లుల్లి అక్కడ పది రోజుల్లో మొలుస్తుంది. మొలవలేదు. మంచంలో పడ్డాక రోజూ అడిగేవాడట, వచ్చిందా అని. పోయాక, ప్రార్థనల కోసం బంధువులు వచ్చినప్పుడు ఆవిడ ఆ మడి తవ్వి చూసింది. కుళ్ళిన రెబ్బ గాని, ఎండిన పొర గాని లేదు. గుంటలు మాత్రం ఉన్నాయి.

అప్పుడు మనాంగ్ ఇక్కడి సంగతి చెప్పింది. అవతల, వెనక ఎక్కడో కోడి కూస్తోంది. తర్వాత వదిన ఒక మాట అని ఏడ్చేసింది. జనవరి నుంచీ ఏడవని మనాంగ్ కూడా అప్పుడే ఏడ్చింది. నేను గోంగూర మడి దాకా నడిచి వచ్చాను.

ఆ మాట ఏమిటో కారులో చెప్పింది. "రోజూ అడుగుతుంటే రాలేదని చెప్పలేక, వచ్చిందనే చెప్పాను. బాగా వచ్చిందని చెప్పాను." అదీ వదిన అన్నది.

నేను ఊరికే వదిలే మనిషిని కాదు. ఒక్కోటే తీసి చూశాను. అంతకు ముందు ఆ నేలలో వెల్లుల్లి వేశారా అంటే లేదు, ఎన్నో ఏళ్ళుగా ఆవాల లాంటి కనోలా, గోధుమ తప్ప వేయలేదని రైతు చెప్పాడు. మనాంగే రహస్యంగా నాటిందా అంటే, రెబ్బలు నేనే లెక్కపెట్టి ఇచ్చాను, చివరి వరసకి సరిగ్గా సరిపోయాయి, ఆవిడ చెయ్యేమో జానకి అందదు. చలికాలంలో ఎవరైనా వచ్చి పెట్టారా అంటే నేల రాయి.

"నాన్నా, ఇట్స్ జస్ట్ స్క్విరల్స్," అంది మా అమ్మాయి.

"ఉడతలు జాన కొలిచి పెడతాయా తల్లీ?"

"ఓకే, వెరీ ఆర్గనైజ్డ్ స్క్విరల్స్."

సువర్ణ మాత్రం నవ్వలేదు. ఆ ఫోటో పెద్దది చేసి దారి మీద వెతికింది. బూటు గుర్తులు తప్ప ఏమీ లేవు.

ఇంకో సంగతి. గట్టిగా తొక్కిన నేలలో చలి ఎక్కువ లోతుకు దిగుతుంది. గడ్డి కూడా లేదు. పొలం మొత్తంలో ముందు చావాల్సింది ఆ వరసే. మా పాస్టరు గారికి చెబితే ఆయన శ్రద్ధగా విని, "దేవుడి పని దేవుడిది. మీరు నీళ్ళు పోయండి," అన్నారు. ఆ సలహా మాత్రం నాకు నచ్చింది.

నీళ్ళు పోశాం. ఆగస్టులో నలభై ఒక్క పాయలు తీశాం. ఏదీ చిన్నది కాదు. అప్పటి నుంచి ప్రతి ఏడూ అక్టోబరులో నాటుతున్నాం, ప్రతి మేలో మొలుస్తోంది, ఎంత చలి వచ్చినా. ఇప్పుడు ఇరవై రెండు ఊళ్ళూ నిండుగా ఉన్నాయి. నా వెనక బదోక్, కురిమావ్, పావాయ్ వినిపిస్తూనే ఉంటాయి. ఆవిడ ఊరు వచ్చినప్పుడు ఇద్దరం మాట్లాడకుండా ఒక వరస దాటుతాం. ఇప్పుడు దాని మీద బండి తోయడం లేదు. ఆ తర్వాత ఎప్పుడూ అందులో ఏదీ మొలవలేదు.

మనాంగ్ వాళ్ళింట్లో ఒక కట్టుబాటు ఉంది. విత్తనం అయినవాళ్ళ దగ్గర కొనరు. అడిగి తెచ్చుకుని, పంట వచ్చాక తెచ్చినన్నీ, మీద ఒకటీ కలిపి తిరిగి ఇస్తారు. మా వైపు నాగు అనేవాళ్ళు, దాదాపు అలాంటిదే. ఆ లెక్కన మేం వాళ్ళ అన్నగారి ఇంటికి ఇవ్వాల్సింది నలభై రెండు రెబ్బలు. వదిన ఆ మడిలో వేరే ఏమీ వేయకుండా అలాగే ఉంచింది. గుంటలు పూడకుండా వానలయ్యాక మళ్ళీ పొడిచి పెడుతుందట. విత్తనం దేశం దాటించాలంటే కాగితాలు కావాలి. ఇంటి వాడకానికి పండించిన వెల్లుల్లికి ఆ కాగితం ఎవరిస్తారో ఇంకా తేలలేదు. నేను అడుగుతూనే ఉన్నాను. సంచిలో వేసుకుని దొంగతనంగా తీసుకెళ్ళడానికి మనాంగ్ ఒప్పుకోదు. "బాకీ తీర్చేది తలెత్తుకుని తీర్చాలి," అంటుంది.

అందుకని ప్రతి ఆగస్టులో పంటలోంచి అన్నింటికంటే మంచి రెబ్బలు నలభై రెండు ఏరి వలసంచిలో కట్టి మా గరాజులో వేలాడదీస్తాను. అదే మేకు, అదే సంచి. ఇప్పుడు ఒక్కటీ ఎండిపోవడం లేదు. అక్టోబరులో వాటిని నాటేసి, మళ్ళీ ఆగస్టులో కొత్తవి కడతాను.

ఆ నలభై ఒకటీ అక్కడి నుంచి ఇక్కడికి ఎలా వచ్చాయో నాకు తెలీదు. తెలిసినట్టు నటించను. నేను చెప్పగలిగింది లెక్క ఒకటే, అందులో తప్పు లేదు. వచ్చినవి నలభై ఒకటి. ఇచ్చినవి సున్నా. ఈ రోజుకి మేం ఉన్న బాకీ నలభై రెండు.